మిర్యాలగూడ మిల్లులో ఆకుపచ్చ గీత

కంప్యూటర్ నెమ్మదించిందని ఫోన్ వస్తే ఇప్పటి పిల్లలు కుర్చీలోంచి లేవరు. ఇక్కడ కూర్చునే అక్కడి తెరను తమ తెర మీదికి తెచ్చుకుని, టీ తాగుతూ బాగు చేసేస్తారు. మా రోజుల్లో బస్సెక్కాలి. మా సర్వీస్ షాపు సూర్యాపేటలో, మిషన్లేమో కోదాడలో, హుజూర్‌నగర్‌లో, మిర్యాలగూడలో. స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని నేను దిగితే, వాళ్లు నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసేవాళ్లు. "ఇంజనీర్ ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేవాళ్లు. "వచ్చింది, నీ ముందటనే నిలబడ్డది" అనేదాన్ని. ఆ మాట అనీ అనీ నా నోరు కాస్త గరుకైంది.

రెండు వేల ఒకటిలో ఆ షాపు తెరిచినప్పుడు చేరాను, మూసేదాకా ఉన్నాను. ఎన్ని మిషన్లు విప్పానో, ఎన్ని బిగించానో గుర్తు లేదు. మిర్యాలగూడ మిల్లు సంగతి మాత్రం మరుపు రాదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు, ముందే చెబుతున్నాను.

అదొక పెద్ద రైస్‌మిల్లు. గేటు దాటగానే కాటా, అంటే బండిని బండిగా తూచే వేబ్రిడ్జి. పక్కన చిన్న గది, అందులో గుమస్తా, కంప్యూటర్. వడ్ల ట్రాక్టర్ కాటా ఎక్కితే దాని బరువు తెర మీదికి వస్తుంది, గుమస్తా మీట నొక్కుతాడు. వడ్లు దింపాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది. మొదటి బరువులోంచి రెండోది తీసేస్తే రైతు వడ్లెన్నో తేలుతుంది, చీటీ బయటికి వస్తుంది.

ఈ పని చేసే ప్రోగ్రాం రాసింది కోదాడ మనిషి. నేను ఆయన్ని సార్ అనేదాన్ని. టీవీలు బాగు చేసుకునే నాకు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో మొదట విడమరిచి చెప్పింది ఆయనే. ఏ కంపెనీలోనూ లేడు. డాస్ కాలంలో, అంటే నల్ల తెర మీద అక్షరాలు తప్ప బొమ్మల్లేని కాలంలో, కాటా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, గుమస్తా ఏ వేలితో ఏ మీట నొక్కుతాడో చూసి మరీ రాశాడు. తర్వాత చుట్టుపక్కల మిల్లులన్నీ దాన్నే పెట్టుకున్నాయి. ఎక్కడ ఆగినా పాత స్కూటర్ మీద వచ్చి వాలేవాడు. ఆయన ఇల్లు గడిచేది దాని మీదే. ఈ మిల్లు సేటు ఏది పెడితే మిగతా సేట్లు అదే పెట్టేవాళ్లు కాబట్టి, ఇక్కడ నిలబడితేనే అది అంతటా నిలబడుతుంది.

రెండు వేల ఆరు ప్రాంతంలో సేటు పాత కంప్యూటర్ తీసేసి విండోస్ ఉన్న కొత్తది మా షాపులోనే కొన్నాడు. పెట్టి వచ్చామో లేదో ఫోన్ల మీద ఫోన్లు. నెమ్మదిగా ఉందట. లెక్కల ఫైలు తెరవాలంటే తెల్లారుతోందట. ఫ్యాను గిర్రున అరుస్తూ గది పొయ్యిలా కాలుతోందట. "కొత్తదని అంటగట్టినవ్, ముసల్దానికంటె అధ్వాన్నం గున్నది" అన్నాడు సేటు. బస్సెక్కాను.

డబ్బా విప్పితే లోపల తవుడు. మిల్లులో ఇంకేముంటుంది? ఊదే మిషన్‌తో ఊదాను. గుమస్తా దానికి కప్పిన ప్లాస్టిక్ కవరు పీకి అవతల పారేశాను. కొన్నప్పటి కవరు తీస్తే వస్తువు పాతబడుతుందని మనవాళ్లకొక భయం. కవరు కింద బొట్లు పెట్టి, పూలదండ కూడా వేశారు. వైరస్ వెతికాను, మెమరీ పెంచాను. ప్రతిసారీ బాగైందనుకుని సూర్యాపేట చేరేసరికి ఫోన్ మోగేది.

చివరికి ముందే చేయాల్సిన పని చేశాను. టాస్క్ మేనేజర్ తెరిచి గుమస్తా పక్కన కూర్చుని చూశాను. ప్రాసెసర్ ఎంత పనిలో ఉందో చూపే ఆకుపచ్చ గీత పైకప్పుకు అంటుకుని ఉంది. నూటికి నూరు. ఆ సమయంలో కాటా మీద బండి లేదు, గేటు దగ్గర మనిషి లేడు. ఒక్కో ప్రోగ్రామే మూస్తూ వచ్చాను. అన్నీ మూసినా గీత కదల్లేదు. కాటా ప్రోగ్రాం మూయగానే దబ్బున కింద పడింది. మళ్లీ తెరిచాను, మళ్లీ పైకి లేచింది. అది సార్ ప్రోగ్రాం.

నా ఖర్మకు సేటు అప్పుడే వచ్చి వెనక నిలబడ్డాడు. అదేం గీత అని అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మిల్లులో ప్రతి మోటారుకూ అది ఎంత కరెంటు గుంజుతుందో చూపించే మీటర్ ఉంటుంది. పుట్టినప్పటి నుంచి ఆ ముల్లునే చూస్తూ పెరిగిన మనిషి ఆయన. ఈ గీతను కూడా అలాగే చదివాడు.

"ఇగో అమ్మా, వడ్లు పొయ్యకుంటనే మోటర్ ఫుల్ లోడ్ గుంజుతే ఏమన్నట్టు? బేరింగ్ పోయినట్టు. గీడ గూడ గంతే."

"కాదు సేటూ, ఇది పని జేస్తలేదు. బండి కోసం ఎదురు సూస్తున్నది."

"ఎదురు సూసేటందుకు గింత ఆయాసమా?"

నవ్వొచ్చింది గానీ, ఆయన మాటలో తప్పు పట్టలేకపోయాను. నిజంగా జరిగేది అదే. ఆ పాత ప్రోగ్రాం పని లేనప్పుడు కూడా ఊరుకోదు. మీట నొక్కారా, బరువు వచ్చిందా, మీట నొక్కారా, బరువు వచ్చిందా అని కన్ను మూసి తెరిచేలోగా వేలసార్లు అడుగుతుంది. డాస్ కాలంలో డబ్బాలో అదొక్కటే ఉండేది, ఎంత అడిగినా ఎవరికీ నష్టం లేదు. విండోస్‌లో నాలుగు ప్రోగ్రాంలు ఒకే ప్రాసెసర్‌ను పంచుకోవాలి. ఇది అంతా తనే వాడుకుంటే మిగతావి నీరసించిపోతాయి. ప్రోగ్రాం మాత్రం తూకం ఎన్నడూ తప్పు చెప్పలేదు, ఆ మాట సేటుకు గట్టిగానే చెప్పాను.

ఆయన వినలేదు. హైదరాబాద్ కంపెనీ వాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి రంగుల తెరలు చూపించి వెళ్లారట. "యాసంగి వడ్లు దిగే లోపల గీత కిందికి దిగాలె. దిగకుంటే ఇగ నీ సార్ ప్రోగ్రాం ఖతం. నాకు ఆయన మీద కోపం లేదు, మిషన్ కాలిపోతే సీజన్ల నేను పరేషాన్ అయిత" అన్నాడు.

కోదాడకు ఫోన్ చేశాను. "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెట్లా వచ్చిందమ్మా?" అన్నాడు సార్. మర్నాడు స్కూటర్ మీద వచ్చి, తన కళ్లతో గీత చూసి, తన ప్రోగ్రాం తానే మూసి, తెరిచి, మూసి చూసుకున్నాడు. చిన్నబోయిన ఆయన మొహం చూడలేక నేను కేబుళ్లు సర్దుతున్నట్టు నటించాను.

ఉపాయం ఆయనే కనిపెట్టాడు. అడిగిన ప్రతిసారీ ప్రోగ్రాం ఒక చిన్న కునుకు తీసేలా మార్చాలి. మనిషికి తెలియనంత చిన్నది. ఆ కునుకులో మిగతా ప్రోగ్రాంలు తమ పని చేసుకుంటాయి. వినగానే ఎగిరి గంతేశాను. ఒక ఆదివారం మిల్లు లారీని కాటా మీద ఎక్కిస్తూ దింపుతూ పరీక్షించాం. కునుకు కాస్త పెంచడం, ప్రోగ్రాం మూసి తెరవడం, లారీ ఎక్కించడం, గీత చూడడం. గీత ఇంకా పైనే ఉంది సార్, ఇంకొంచెం పెంచండి అని నేను. పెంచేవాడు. గీత నేలకు దిగిన చోట ఆపాం. బరువు ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది.

యాసంగి వడ్లు, అంటే ఎండాకాలపు పంట, మొదలైన రోజు ఎండ పొద్దున్నే మండుతోంది. గేటు బయట ట్రాక్టర్ల వరస రోడ్డు దాకా ఉంది. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి గుమస్తా వెనక నిలబడ్డాడు. కొత్త కంప్యూటర్‌లో ఫ్యాను చప్పుడే లేదు, లెక్కల ఫైలు తట్టగానే తెరుచుకుంటోంది. సేటు వచ్చి గీత చూశాడు. అది నేల మీద పాకుతోంది. "శభాష్ సార్, ఇప్పుడు సల్లగున్నది" అని సోడాలు తెప్పించాడు. సార్ నా వైపు చూసి నవ్వాడు. ఆయన అంత తృప్తిగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా ఖాళీ బండితో కాటా ఎక్కిన ఒకామె గొడవకు దిగింది. నెత్తికి తువ్వాల చుట్టుకున్న నడివయసు మనిషి. హాలియా పక్క ఊరట. ఇంటి మగమనిషి ఎవరూ వెంట లేరు, కిరాయి ట్రాక్టర్ మాట్లాడుకుని వడ్లు తానే తెచ్చుకుంది. గుమస్తా చీటీ చేతికివ్వగానే, చదువొచ్చిన డ్రైవర్‌తో చదివించుకుంది.

"ఏందయ్యా, నా బండి ఖాళీ అయినంక గూడ గంత బరువున్నదా? వడ్లు దింపి రాళ్లేమన్న ఎక్కిచ్చుకొచ్చిన్నా?"

అందరూ నవ్వారు. చీటీ ప్రకారం ఆమె తెచ్చిన వడ్లు రెండు బస్తాలు కూడా కావు. గుమస్తా తెర చూపించాడు. తెర మీద ఆ అంకే ఉంది. నేను ఎందుకో వెనక్కి తిరిగాను. కాటా నుంచి బరువును కంప్యూటర్‌కు పంపే డబ్బా గుమస్తా వీపు వెనక గోడకు ఉంది. దాని మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. తెర మీది బరువులో సగం కూడా లేవు. ఎర్ర అంకెలే ఖాళీ ట్రాక్టర్ బరువు. తెర మీద ఉన్నది అంతకు ముందు ఎక్కి దిగిపోయిన నిండు బండిది.

సార్‌కు ఒక్క క్షణంలో అర్థమైంది. నాకు ఇంకొంచెం సేపు పట్టింది. కాటా డబ్బా బండి ఉన్నా లేకున్నా బరువులు వరసగా పంపుతూనే ఉంటుంది. పాత ప్రోగ్రాం నిద్ర లేకుండా వాటిని వచ్చినవి వచ్చినట్టు అందుకునేది. మేం కునుకు నేర్పాం. అది చదివే వేగం, కాటా పంపే వేగం కంటే ఒక్క పిసరు తగ్గింది. చదవని బరువులు లోపల వరస కట్టాయి. తెర మీదికి వచ్చేది ఆ వరసలో మొదట నిలబడ్డ పాత బరువు. పొద్దున ఆ వెనుకబాటు ఎవరికీ కనపడనంత, గంటలు గడిచేకొద్దీ ఒక బండి అంత. ఆదివారం మాకెందుకు తెలియలేదంటే, మార్పు చేసిన ప్రతిసారీ ప్రోగ్రాం మూసి తెరిచాం. వరస ఎప్పటికప్పుడు కొత్తగా మొదలైంది. దాన్ని పొద్దంతా నడవనిచ్చి చూడాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

కాటా ఆపించాం. ఇంకా వడ్లు దింపని బండ్లను మళ్లీ తూచవచ్చు. దింపి వెళ్లిపోయినవాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఈమె ఖాళీ బండి ఇక్కడే ఉంది గానీ, నిండు బండి తూకం కూడా నమ్మలేం. ఆమె వడ్లు అప్పటికే పెద్ద కుప్పలో కలిసిపోయాయి.

సేటు చెడ్డవాడు కాదు. ఆమెను నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిప్పించాడు. "తల్లీ, పొద్దుగాల మంచిగ తూగిన బండ్లున్నయి గద. వాటి సగటు ఎంతుందో నీకు గంత రాపిస్త. నీకైతే తక్కువ గాకుంట సూస్త" అన్నాడు.

"సగటు నాకెందుకయ్యా? నా వడ్లు ఎన్నున్నయో గన్నే రాయి. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

"ఎన్నున్నయో ఇగ తెల్వదు గద తల్లీ."

ఆమె కుప్ప వైపు చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మొగులు దిక్కు సూస్కుంట, కరెంటు దిక్కు సూస్కుంట నీళ్లు గట్టిన. మా పొలం ఈసారి ఎంత పండిందో తెల్వకుంట ఇంటికి పోవాల్నా? పిల్లలడుగుతే ఏం జెప్పాలె?"

సేటు రాయించిన చీటీ తీసుకుని మడిచి కొంగున కట్టుకుంది. ట్రాక్టర్ ఎక్కి వెళ్లిపోయింది. సార్ గది గుమ్మంలో నిలబడి గేటు దాకా చూశాడు. తర్వాత లోపలికి వచ్చి, కునుకు తీసేసి, ఎప్పటి ప్రోగ్రాం ఎప్పటిలా పెట్టాడు. ఫ్యాను మళ్లీ అరవడం మొదలుపెట్టింది. గీత పైకప్పుకు అంటుకుంది. నేను ఎర్ర అంకెలు చదవడం, గుమస్తా తెర చదవడం. పొద్దుగూకేదాకా ఒక్క తూకం తప్పు రాలేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే, సార్ ప్రోగ్రాంను సేటు గెంటేశాడని మీరు అనుకుంటారు. గెంటలేదు. సాయంత్రం బండ్లన్నీ వెళ్లాక మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, అట్లనే నడవనీ. ఆ లెక్కల పనికి పాత డబ్బ వాడుకుంట. ఇగ నేను ఆ గీత సూడ. నాదే బుద్ధి తక్కువ."

నా ప్రాణం లేచి వచ్చింది. రెండు పనులకు రెండు మిషన్లు! ఇంత తేలిక విరుగుడు మొదటి రోజే నాకు ఎందుకు తట్టలేదని నన్ను నేను తిట్టుకుంటూనే, సార్ వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దండి సేటుగారూ. ఆ కంపెనీవాళ్లనే పిలుచుకోండి."

సేటు బతిమాలాడు. నేను బతిమాలాను. బయటికి వచ్చాక స్కూటర్‌కు అడ్డం నిలబడి పోట్లాడాను. నాకు ఒళ్లు మండిపోయింది. గెలిచిన పందెం చేతులారా పారేసుకునే మనిషిని చూస్తే ఎవరికి మండదు?

"ఇంట్ల పిల్లలున్నరు సార్. ఒక్క దినం తప్పుకు ఇన్నేండ్ల పని ఇడిశిపెడ్తరా? మీ ప్రోగ్రాం కరెక్టే గద. మనం చెడగొట్టినం, మనమే సరిజేసినం."

"సరి అయిందని నీకు తెలుసు, సేటుకు తెలుసు. నాకే నమ్మకం పోయిందమ్మా. ఇన్నేళ్లు తెర మీద అంకె పడితే కళ్లు మూసుకుని ఒప్పుకునేవాణ్ని. ఇయ్యాల ప్రతి బండికీ వెనక్కి తిరిగి ఆ ఎర్ర అంకెలు చూసుకున్నాను. నా అంకె నేనే నమ్మకుండా ఇంకొకరి పంట ఎట్లా తూస్తాను?"

ఆయన స్కూటర్ తీసుకుని హుజూర్‌నగర్ రోడ్డు పట్టాడు. ఆ సీజన్ పూర్తయ్యేదాకా ప్రతి మిల్లుకూ వెళ్లి, వేరే ప్రోగ్రాం పెట్టుకొమ్మని తానే చెప్పి వచ్చాడు. నేను సేట్లకు ఫోన్లు చేసి ఆపుదామని చూశాను. ఒకరిద్దరు ఆగారు కూడా. ఆయన మళ్లీ వెళ్లి చెప్పాడు.

తర్వాత అన్నిచోట్లా కంపెనీ ప్రోగ్రాం వచ్చింది. రంగులు బాగుండేవి. సర్వీసుకు నేను వెళ్లినప్పుడల్లా ఆ గదిలో కూర్చుంటే ఎక్కడో దిగులు పట్టేది. ఎవరి మీద కోప్పడాలో తెలిసేది కాదు. సేటు తన మిషన్ చల్లగా ఉండాలనుకున్నాడు, అందులో తప్పేముంది? సార్ తన పని నిలబెట్టుకోవాలనుకున్నాడు. నేను గీత దించాలనుకున్నాను. ముగ్గురం గీతనే చూశాం. పిల్లలూ, మీరు టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు, నూటికి నూరు కనపడగానే ఉలిక్కిపడి దాన్ని దించే పని పెట్టుకోకండి. అది ఎవరి పని చేస్తోందో ముందు అడగండి. ఏ మార్పు చేసినా ఒక పొద్దంతా నడవనిచ్చి చూడండి. ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఇదొక్కటే, ఆ రెండూ నేను చేయలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు మా షాపు మూతపడింది. లెక్కలు తేల్చుకునే పని మీద కోదాడ వెళ్లినప్పుడు బస్టాండులో సార్ కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నడిగూడెంలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నానన్నాడు. టీ తాగుతూ ఆ మాటా ఈ మాటా మాట్లాడుకున్నాం. మిల్లు సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"కోతలప్పుడు వీలు దొరికితే హాలియా పోయి వస్తున్నానమ్మా. వడ్లు పోసే చోట నిలబడి చూస్తా. ఆమె కనపడలేదు."

ఇన్నేళ్లూ వెతుకుతున్నాడని నేను కలలో కూడా అనుకోలేదు.

"దొరుకుతే ఏం జెప్తరు సార్?"

"ఏముంది, మీ వడ్లు ఎన్నో నాకు తెలవదమ్మా అని చెప్పాలె. ఆ రోజు ఆ మాట నేను చెప్పాల్సింది. సేటుతో చెప్పించిన."

"పేరు పట్టుకుని అడుగుతే ఊర్ల ఎవరన్న జెప్తరు గద?"

ఆయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ అన్నాడు.

"బండి నంబరు దొరికింది. అది కిరాయి బండి, ఆ డ్రైవర్ ఎప్పుడో మానేశాడంట. ఆమె పేరు ఎక్కడుందమ్మా? నా ప్రోగ్రాంలో బండి నంబరుకు జాగా పెట్టిన, బరువుకు పెట్టిన, టైముకు పెట్టిన. రైతు పేరుకు పెట్టలేదు."